దుక్కి కొద్దీ పంట: వ్యవసాయ సామెతల్లో సుస్థిర సేద్యపు షరతులు – కల్వకుర్తి ప్రాంత నేపథ్యంలో ఒక పునఃపఠనం

వ్యాస సంగ్రహం:

తెలుగు వ్యవసాయ సామెతలను సాధారణంగా సంప్రదాయ విజ్ఞాన నిధిగా చదువుతున్నాం. ఆ విజ్ఞానాన్ని రైతు మరచిపోవడం వల్లనే సేద్యం రసాయనాల పాలైందన్న నిర్ణయం ఆ పఠనం నుంచే పుడుతున్నది. ఈ వ్యాసం ఆ నిర్ణయాన్ని ప్రశ్నిస్తుంది. సామెత రైతుకు ఏమి తెలుసో చెప్పడం కన్నా, తెలిసినదాన్ని చేయడానికి అతని చేతిలో ఏమి ఉండాలో ఎక్కువగా చెబుతుందని ప్రతిపాదిస్తుంది. కల్వకుర్తి ప్రాంతపు సాగు పరిస్థితుల నేపథ్యంలో కొన్ని ప్రసిద్ధ సామెతలను పరిశీలించి, సుస్థిర సేద్యానికి అడ్డు పడే అంశాలను, దోహదం చేసే అంశాలను గుర్తించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: వ్యవసాయ సామెతలు, సుస్థిర సేద్యం, కల్వకుర్తి, పాలమూరు, వలస, కౌలు, చేదర్థకం.

1. ఉపోద్ఘాతం:

'వ్యవసాయం' అనే మాటకు సంస్కృతంలో నిశ్చయం, ప్రయత్నం అని అర్థం. తెలుగులో ఆ మాట నేల దున్ని పంట తీసే వృత్తికి పేరైంది. పాలమూరు పల్లెల్లో అది 'ఎవుసం'గా మారింది. మాటకున్న ఈ చరిత్రలోనే ఒక ప్రశ్న దాగి ఉంది. సేద్యాన్ని మార్చుకోవడానికి రైతు నిశ్చయం ఒక్కటే సరిపోతుందా?

సుస్థిర సేద్యం గురించిన ప్రసంగాలు ఎక్కువగా 'సరిపోతుంది' అనే భావనతోనే సాగుతాయి. నేల సారాన్ని, నీటిని, విత్తనాన్ని తరువాతి తరానికి మిగిల్చే సాగును సుస్థిర సేద్యం అనుకుంటే, పంటల మార్పిడి, అంతర పంటలు, పశువుల ఎరువు, చెరువు మట్టి, రసాయనాలు లేని సస్యరక్షణ, నీటి పొదుపు దానిలోకి వస్తాయి. ఇవి మేలని రైతుకు తెలియజేస్తే చాలని ఒక వర్గం భావిస్తుంది. ఇవన్నీ మన పెద్దలకు తెలిసినవే, నేటి రైతు వాటిని మరచిపోయాడని మరొక వర్గం బాధపడుతుంది. మొదటిది విస్తరణ అధికారి దృష్టి. రెండవది తరచు సాహిత్య విమర్శకుని దృష్టి. పైకి భిన్నంగా కనిపించినా, రెండూ లోపాన్ని రైతు బుద్ధిలోనే వెదుకుతున్నాయి.

ఈ రెండు దృష్టులనూ పరీక్షించడానికి కల్వకుర్తి తగిన ప్రాంతం. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన కల్వకుర్తి 2016 అక్టోబరు 11న ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. ఎర్ర చెలకలు, వానమీద ఆధారపడిన సాగు, జొన్న, కంది, ఆముదం ఈ ప్రాంతపు పాత స్వరూపం. పత్తి, మొక్కజొన్న విస్తరించడం, శ్రీశైలం జలాశయం వెనుక జలాలను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు వద్ద మూడు దశల్లో ఎత్తిపోసే కల్వకుర్తి పథకం నీరు అందిన చోట వరి పెరగడం కొత్త స్వరూపం. ఈ రెండింటి నడుమ దశాబ్దాల వలస ఉంది. ఇక్కడి సాగు మారలేదని ఎవరూ అనలేరు. ఏ వైపు మారింది, ఎందుకు మారింది అన్నదే ప్రశ్న.

2. సామెతను సాక్ష్యంగా చదవడం:

సాహిత్యాన్ని సామాన్యుల జీవితానికి సాక్ష్యంగా చదివే పద్ధతిని తెలుగులో స్థిరపరచిన గ్రంథం 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949). దాని కర్త సురవరం ప్రతాపరెడ్డి గద్వాల ప్రాంతానికి చెందినవారు కావడం ఈ వ్యాసానికి ప్రత్యేకంగా స్మరణీయం. రాజుల శాసనాల్లో దొరకని తిండి, బట్ట, పంట, ఆట ఆయనకు కావ్యాల్లో, శతకాల్లో, లోకోక్తుల్లో దొరికాయి.

వ్యవసాయ భాషకు సంబంధించి మనకు రెండు రకాల సంకలనాలు ఉన్నాయి. మొదటిది పదాలది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయానికే కేటాయించబడింది. రెండవది సామెతలది. కార్ సంకలనం చేసిన 'ఆంధ్ర లోకోక్తి చంద్రిక' 1868 నాటిది. ఈ రెండింటికీ ఒక మౌలిక భేదం ఉంది. పదకోశం వస్తువును నమోదు చేస్తుంది. గొర్రు, జడ్డిగం, మోట అనే మాటలు ఆ వస్తువులు ఉన్నాయని చెబుతాయి. సామెత సంబంధాన్ని నమోదు చేస్తుంది. ఏది ఉంటే ఏది జరుగుతుందో చెబుతుంది.

ఈ భేదం వ్యాకరణంలోనే కనిపిస్తుంది. 'ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు' అన్నప్పుడు 'కురిస్తే' అనేది చేదర్థకం. 'దుక్కి కొద్దీ పంట, బుద్ధి కొద్దీ సుఖం' అన్నప్పుడు 'కొద్దీ' అనేది పరిమాణాన్ని బట్టి ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఒకటి షరతు, మరొకటి కొలత. వ్యవసాయ సామెతల్లో ఈ రెండు నిర్మాణాలు తరచు కనిపిస్తాయి. అటువంటి సామెత ఆజ్ఞ కాదు, ఉపదేశం కూడా పూర్తిగా కాదు. ఫలానాది సమకూరితే ఫలానాది జరుగుతుందనే హెచ్చరిక అది. 'లోతుగా దున్ను' అని సామెత అనలేదు. దున్నినంతే పండుతుందని అన్నది. దున్నడానికి ఎడ్లు ఎక్కడివన్న ప్రశ్నను వినేవాడికి వదిలింది. ఆ వదిలిన ప్రశ్నల వెంట వెళ్లడమే ఈ వ్యాసం పద్ధతి.

3. అదను – వలస:

'అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు' అనే సామెతలో అదను అంటే సమయం, పదును అంటే నేలలోని తగిన తేమ. వానాధారపు చెలకలో ఈ రెండూ కలిసి ఉండే రోజులు చాలా తక్కువ. ఆ కొద్ది రోజుల్లో విత్తనం, ఎడ్లు లేదా ట్రాక్టరు, కూలి మనుషులు ఒకేసారి దొరకాలి. అదను తెలియడం వేరు, అదనుకు అందుకోగలగడం వేరు.

ఈ తేడాను నిష్ఠురంగా చెప్పే సామెత 'ఉత్తర చూసి ఎత్తర గంప'. ఉత్తర కార్తె సెప్టెంబరు మధ్యలో వస్తుంది. అప్పటికీ వాన కురవకపోతే గంప ఎత్తుకొని ఊరు విడవాలని దీని భావం. వ్యాఖ్యాతలు దీన్ని వర్షజ్ఞానానికి ఉదాహరణగా చూపుతుంటారు. పాలమూరు నేపథ్యంలో చదివితే ఇది వాన గురించిన సామెత కాదు, వలస గురించినది. 'పాలమూరు లేబర్' అనే మాట దేశమంతటి ఆనకట్టల, కాలువల పనుల్లో వినిపించడానికి వెనుక ఈ ఉత్తర కార్తె నిర్ణయం ఉంది. మేస్త్రీ దగ్గర ముందుగా తీసుకున్న సొమ్ము ఉంటే, వాన కోసం ఉత్తర దాకా ఎదురుచూసే స్వేచ్ఛ కూడా ఉండదు.

సుస్థిర సేద్యానికి దీనితో ఉన్న సంబంధం సూటియైనది. నేల సారం పెంచే పద్ధతులు ఒక పంటలో ఫలితమివ్వవు. రసాయనాలు మానిన తొలి సంవత్సరాల్లో దిగుబడి తగ్గే అవకాశమూ ఉంటుంది. వాటి లెక్క మూడు నాలుగేళ్లది. ఉత్తర దాకా ఉండాలో వద్దో తేల్చుకోలేని కుటుంబం లెక్క మూడు నాలుగు నెలలది. పైగా ఎరువు తోలడం, గట్లు వేయడం, వేపగింజ ఏరడం వంటి పనులు వేసవిలో చేయవలసినవి. ఆ కాలంలో వలస కుటుంబం ఊరిలో ఉండదు. కనుక మొదటి అవరోధం అజ్ఞానం కాదు, ఎదురుచూసే శక్తి లేకపోవడం.

4. పాడిపంట – విడిపోయిన ద్వంద్వ సమాసం:

'పాడిపంటలు' ద్వంద్వ సమాసం. రెండు పదాలకూ సమ ప్రాధాన్యం ఉండడం దాని లక్షణం. పాత సేద్యంలో ఈ సమాసం అక్షరాలా నిజం. చేనిలోని చొప్ప పశువుకు, పశువు పెంట చేనికి చేరేది. కోత తర్వాత గొర్ల మందలను రాత్రిళ్లు చేనిలో నిలిపి, కాపరికి ధాన్యం ఇచ్చే పద్ధతి ఈ బంధానికి మరొక రూపం. 'ఎద్దు ఏడ్చిన ఎవుసం, రైతు ఏడ్చిన రాజ్యం నిలువవు' అనే సామెత పశువును సానుభూతికి కాదు, సేద్యానికి పునాదిగా స్మరించింది.

పత్తి ఈ సమాసాన్ని విడదీసింది. జొన్న చేను మనిషికి తిండి, పశువుకు మేత ఇస్తుంది. పత్తి చేను ఈ రెండూ ఇవ్వదు. పడావు భూములు సాగులోకి వచ్చి మేత తగ్గింది. ట్రాక్టరు వచ్చి ఎద్దు అవసరం తగ్గింది. ఇప్పుడు పశువుల ఎరువు వాడమని చెప్పేవారు ఒక లెక్క చూడాలి. యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల బస్తాలో అది సుమారు 20 కిలోలు. పశువుల ఎరువులో నత్రజని అర శాతం చొప్పున చూస్తే, అదే 20 కిలోల కోసం సుమారు 4 టన్నుల ఎరువు కావాలి. పశువుల ఎరువు నేలకు చేసే మేలు నత్రజని ఒక్కదానితో కొలవదగినది కాదు, నిజమే. కానీ తోలేవాడి భుజానికి తెలిసే లెక్క ఇదే. ఒక బస్తా రూ.270 లోపు ధరకు, రాయితీతో, సైకిలు మీద చేనుకు చేరుతుంది. నాలుగు టన్నుల ఎరువుకు పశువులు, బండి లేదా ట్రాక్టరు, కూలీలు కావాలి. వీటికి ఆ స్థాయి రాయితీ లేదు.

చెరువు మట్టి విషయంలోనూ ఇదే జరిగింది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పనుల్లో తవ్విన పూడికమట్టిని పొలాలకు తోలుకునే అవకాశం రైతులకు కలిగింది. పాత మంచి పద్ధతికి అది పునరుజ్జీవనం. అయితే రవాణా ఖర్చు రైతుదే కనుక ట్రాక్టరు ఉన్నవాడికి, చెరువుకు దగ్గరి పొలం వాడికి అందినంత సులభంగా ఆ మట్టి దూరపు చెలక వాడికి అందలేదు. 'దుక్కి కొద్దీ పంట' అన్న కొలత ఇక్కడ 'బండి కొద్దీ మట్టి'గా మారింది.

5. పెరటి చెట్టు – అంగడి సీసా:

'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అనేది సుస్థిర సేద్య చర్చలో విచిత్రమైన సార్థకత పొందిన సామెత. రసాయన పురుగుమందులు లేని సస్యరక్షణలో వేపగింజల కషాయం ముఖ్యమైనది. వేప అక్షరాలా పెరటి చెట్టు. దగ్గరున్న దానికి విలువ ఉండదన్న మనస్తత్వాన్ని సామెత గుర్తించిందని మనం చెప్పుకొని అక్కడితో ఆగిపోతాం. అయితే విలువ ఇవ్వకపోవడం మనస్తత్వం మాత్రమేనా?

బీటీ పత్తికి 2002లో దేశంలో అనుమతి లభించింది. సంకర విత్తనం కనుక ప్రతి ఏడూ కొనవలసిందే. 'విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా' అనే సామెతకు ఆధారం రైతు తన గింజను తాను ఎరిగి ఉండడం. ఆ ఎరుక ప్యాకెట్టు మీది పేరుకు బదిలీ అయింది. విత్తనంతో పాటు ఎరువు, పురుగుమందు తరచు ఒకే దుకాణం నుంచి అప్పుగా వస్తాయి. పంట ఆ అప్పు కింద జమ అవుతుంది. దుకాణదారుడే సలహాదారుడు కూడా అవుతాడు. వేపగింజ డబ్బు అడగదు, కానీ అప్పుగా కూడా రాదు. దాన్ని వేసవి చివర ఏరి, ఎండబెట్టి, పురుగు వచ్చే నాటికి దంచి సిద్ధం చేయాలి. సీసా మాత్రం పురుగు కనిపించిన సాయంత్రమే దొరుకుతుంది. అప్పుతో పాటు వచ్చే వస్తువుకు, శ్రమతో మాత్రమే వచ్చే వస్తువుకు మధ్య పోటీ సమానమైనది కాదు. సామెతలోని 'పనికిరాదు' అన్న తీర్పు వెనుక ఈ అసమానత ఉంది.

6. అమ్మబోతే అడవి:

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అనే సామెత రైతును వినియోగదారుగా, అమ్మకందారుగా ఒకే వాక్యంలో చూపింది. జొన్న, కొర్ర వంటి పంటలు నేలకు, నీటికి, ఆరోగ్యానికి మేలని నేడు అందరూ అంగీకరిస్తున్నారు. 2023ను ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నది. మరి చెలకలో అవి ఎందుకు తగ్గాయి?

1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పేదల ఆకలి తీర్చింది. దాని మేలును తక్కువ చేయలేం. అదే సమయంలో జొన్న రొట్టె, జొన్న గటక తినే ఇంటికి జొన్న పండించుకోవలసిన అవసరాన్ని అది తగ్గించింది. నేడు వరికి మద్దతు ధర, ఊరి దాకా వచ్చే కొనుగోలు కేంద్రం ఉన్నాయి. కొర్రకు ఆ భరోసా లేదు. ఎత్తిపోతల నీరు అందిన రైతు వరి వేస్తే దాన్ని దురాశ అనడం అన్యాయం. అమ్మబోతే అడవి కాని పంటను అతను ఎంచుకున్నాడు. సుస్థిర పంటకు సుస్థిరమైన కొనుగోలుదారు లేనప్పుడు ఆ పంట సుస్థిరం కాదు.

7. సామెత మౌనం – కౌలుదారు, స్త్రీ:

సామెతను సాక్ష్యంగా చదివేటప్పుడు సాక్షి ఎవరన్నది కూడా అడగాలి. పైన చూసిన సామెతల్లో చెప్పేవాడు ఎక్కువగా తన నేల, తన ఎద్దు ఉన్నవాడు. 'దుక్కి కొద్దీ పంట' అన్నది నేల తనదైన వాడికి పూర్తి సత్యం. కౌలుదారుకు అర్ధ సత్యం. ఈ ఏడు తోలిన ఎరువు సారం వచ్చే ఏడు ఎవరికి దక్కుతుందో తెలియనివాడు నేలపై పెట్టుబడి పెట్టడు. సాగుదారులకు గుర్తింపు కార్డులు, వాటి ద్వారా రుణం కల్పించే ఉద్దేశంతో 2011లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు సాయం మాత్రం పట్టాదారుకే పరిమితమైంది, కౌలుదారుకు వర్తించలేదు. 2015–16 వ్యవసాయ గణన నాటికి రాష్ట్రంలో సగటు కమతం సుమారు ఒక హెక్టారు. ఇంత చిన్న కమతాల మీద బతకలేక కొంత నేల కౌలుకు పట్టేవారు నేలను ప్రేమించడం లేదని అనగలమా?

సామెత మౌనం వహించిన రెండవ వ్యక్తి స్త్రీ. విత్తనం ఎంచి దాచడం, కలుపు తీయడం, పెంట ఎత్తడం ఆమె పనులు. రసాయనాలు మానినప్పుడు పెరిగే శ్రమలో పెద్ద భాగం ఆమెదే. నడిగడ్డ ప్రాంతంలో పత్తి విత్తనోత్పత్తి కోసం పువ్వు పువ్వుకూ చేసే పరాగ సంపర్కం స్త్రీల, పిల్లల చేతుల మీద సాగిన చరిత్ర మనకు తెలిసిందే. సేద్యపు రూపం ఏదైనా ఆ చేతుల కూలి లెక్కకు రాకపోతే, 'సహజం' అనే మాట స్త్రీ శ్రమను కప్పిపుచ్చే మాటగా మారే ప్రమాదం ఉంది.

ఈ సందర్భంలో ప్రాచీన సాహిత్యం నుంచి ఒక పోలిక ఉపయుక్తం. 'ఆముక్తమాల్యద'లోని రాజనీతి భాగం దేశ సమృద్ధికి చెరువులు, కాలువలు కల్పించాలని, పేద సేద్యగానికి పన్నులో, కోరులో సడలింపు ఇవ్వాలని చెబుతుంది. అక్కడ ఉపదేశం పొందినవాడు రైతు కాదు, రాజు. సుస్థిర సేద్యం గురించిన మన ఉపదేశాలు ఈ దిశను మరచాయి.

8. నలుగురితో నారాయణ – దోహదం చేసిన అంశాలు:

ఇంతవరకు చూసిన అవరోధాలు దాటరానివి కావు. కల్వకుర్తి వెలుపల, తెలుగు నేలపైనే వాటిని దాటిన ఊళ్లు ఉన్నాయి. అవి ఏమి చేశాయన్నది ఈ చర్చకు కీలకం.

నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2000ల తొలినాళ్లలో రసాయన పురుగుమందులు మానిన ఊరుగా గుర్తింపు పొందింది. పత్తి పండించే ఊరు కావడం వల్ల దాని అనుభవం కల్వకుర్తి వంటి ప్రాంతాలకు మరింత సన్నిహితం. అక్కడ మార్పులో మహిళా సంఘాలది ముఖ్యపాత్ర. నాటి వరంగల్, నేటి జనగామ జిల్లాలోని ఏనెబావి 2006లో ఊరంతా రసాయనాలు లేని సేద్యానికి మారినట్లు ప్రకటించుకున్నది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాలు పడావు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నను ఊరిలోనే సేకరించి, ఊరి పేదలకే పంచే ప్రత్యామ్నాయ పంపిణీని 1990లలో నడిపాయి. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి విస్తరించిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా మహిళా సంఘాలను, సాగు చేసి చూపే రైతులనే ఆధారం చేసుకున్నది.

ఈ అనుభవాలన్నిటికీ సరిపోయే సామెత 'నలుగురితో పాటు నారాయణ'. సాధారణంగా దీన్ని గుంపు వెంట నడిచేవాడి మీద ఎత్తిపొడుపుగా వాడుతాం. సేద్యంలో ఇది వివేకం. ఒక్కడు మందు మానితే చుట్టుపక్కల చేలలోని పురుగు సమస్య అతన్ని వదలదు. ఒక్కడు కొర్ర వేస్తే పిట్టలన్నీ అతని చేనిపైనే వాలుతాయి, కొనేవాడు రాడు. ఊరు కలిసి చేస్తే నష్టభయం పంచుకోబడుతుంది.

ఎవరెట్ రోజర్స్ 1962లో ప్రచురించిన గ్రంథంలో కొత్త పద్ధతుల వ్యాప్తిని వివరిస్తూ, వాటి లాభం, అలవాట్లతో పొత్తు, సరళత, చిన్నగా ప్రయత్నించి చూసే వీలు, ఫలితం కంటికి కనిపించడం అనే లక్షణాలను ప్రధానంగా పేర్కొన్నాడు. స్వీకరించనివాడినే తప్పు పట్టే ధోరణి ఈ రంగంలో ఉందని తరువాతి కాలంలో తానే అంగీకరించాడు. పునుకుల, జహీరాబాద్ అనుభవాలు ఆ లక్షణాలకు మరొకటి చేరుస్తాయి. ఒకడు ఓడినా తోడు నిలిచే సమూహం కావాలి.

9. ముగింపు:

'దుక్కి కొద్దీ పంట, బుద్ధి కొద్దీ సుఖం' అనే సామెతలో రెండు భాగాలున్నాయి. ఉపన్యాసాల్లోనూ, కొంతవరకు విమర్శలోనూ మనం రెండవ భాగాన్నే పట్టుకున్నాం. రైతు బుద్ధిని మెచ్చుకున్నాం, లేదా తప్పుపట్టాం. మొదటి భాగం చెప్పే కొలతను వదిలేశాం. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. వ్యవసాయ సామెత నిర్మాణంలోనే షరతు ఉంది. దాన్ని విజ్ఞానంగా మాత్రమే చదివితే ఆ షరతు మరుగున పడుతుంది.

2. కల్వకుర్తి వంటి ప్రాంతాల్లో సుస్థిర సేద్యానికి ప్రధాన అవరోధాలు ఎదురుచూసే శక్తి లేకపోవడం, పశువు దూరం కావడం, ఉత్పాదకాలతో ముడిపడిన అప్పు, కొనుగోలు భరోసా లేకపోవడం, కౌలుదారుకు నేలపై నిలకడ లేకపోవడం.

3. దోహదం చేసిన అంశాలు సమష్టి నిర్ణయం, మహిళా సంఘాలు, స్థానిక కొనుగోలు, కంటికి కనిపించే పొరుగు చేను.

4. సామెత సర్వసాక్షి కాదు. కౌలుదారు, స్త్రీ దానిలో వినిపించని చోట విమర్శకుడు ఇతర ఆధారాలను వెదకాలి.

తెలుగు శాఖల్లో సామెతల సేకరణ విరివిగా జరుగుతున్నది. సేకరించిన సామెత పక్కన అర్థం రాసి ఊరుకోక, చెప్పినవారికి నేల ఎంత, పశువులెన్ని, అప్పు ఎవరి దగ్గర, ఆ ఏడు ఉత్తర కార్తెలో వారు ఊరిలో ఉన్నారా లేదా అన్నది కూడా పరిశోధక విద్యార్థి రాసుకోవాలి. అప్పుడే గంప ఎందుకు ఎత్తవలసి వచ్చిందో ఆ సామెత మనకు చెప్పగలుగుతుంది.